బూట్లు విప్పిన కేడెట్

ఆ రోజుల్లో, అంటే కాలేజీ రెండో ఏడు వేసవి సెలవుల్లో, నేను పందొమ్మిదో శతాబ్దంలో ఉద్యోగం చేశాను. టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంటినుంచి గంట డ్రైవ్‌లో ఒక పాత మిలిటరీ కాలేజీ ఉంది. చదువులు ఎప్పుడో ఆగిపోయి మ్యూజియం అయింది. ఆనాటి కేడెట్ల దినచర్య చేసి చూపించడానికి నలుగురు కుర్రాళ్ళని పెట్టుకున్నారు. అసలు కేడెట్లు తెల్లవారుజామున ఐదింటికే బ్యూగిల్‌కి లేచేవారట. మేం పదింటికి లేచేవాళ్ళం (గేటు తెరిచేది అప్పుడే మరి). టెక్సస్ ఎండలో ఉన్ని కోటు, మెడదాకా ఇత్తడి బొత్తాలు, దుప్పటి నాలుగు మడతలు, రేకు బేసిన్లో మొహం కడగడం, ఇంకు బుడ్డి ముందు కూర్చుని జామెట్రీ చేస్తున్నట్టు నటించడం. ఏమడిగినా "ఎస్ సర్", "నో సర్", "సంజాయిషీ ఏమీ లేదు సర్" అనే మూడే జవాబులు.

మా పైఅధికారి మేజర్ గారు (సైన్యం మొహం చూసినవారు కాదు, హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు, మీసాన్ని బట్టి మేం పెట్టుకున్న పేరు). శనివారం శనివారం గది తనిఖీ చేసి, తప్పుకో గీత చొప్పున పుస్తకంలో గీసేవారు. పది గీతలు పడితే కోటు విప్పించి పార్కింగ్ లాట్‌లో కార్లు చూసే పనికి పంపేసేవారు. నాకు తొమ్మిది పడ్డాయి. సరిగ్గా ఆ తర్వాతి శనివారమే, గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మని అమ్మ వెంటబెట్టుకొచ్చింది. మనవడు మిలిటరీలో చేరాడని అమ్మమ్మ అప్పటికే ఊళ్ళో వాకింగ్ స్నేహితులందరికీ చెప్పేసింది. ఆవిడ ముందు ఆ కోటు పోగొట్టుకోకూడదని పొద్దుటినుంచీ దుప్పటి మడతలు మళ్ళీ మళ్ళీ సరిచేస్తూనే ఉన్నాను.

అమ్మమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి తొంగిచూసింది. "ఏరా, పక్కలేసిన గదిలో బూట్లేసుకు తిరుగుతున్నావా?" అంది. "అయ్యో, అది వాడి డ్యూటీ అమ్మా!" అని అమ్మ అంటూనే ఉంది. బుద్ధెరిగాక బూట్లతో మంచం దరిదాపులకి వెళ్ళినవాణ్ణి కాదు నేను. నా చేతులు నన్నడక్కుండానే లేసులు విప్పేశాయి. బూట్లని ఆవిడ చెప్పుల పక్కన పొందిగ్గా పెట్టి వచ్చి అటెన్షన్‌లో నిలబడ్డాను. వెనకే వచ్చిన సందర్శకులు ఇదేదో ఆనాటి ఆచారమనుకుని ఒక్కొక్కరే బూట్లు విప్పడం మొదలెట్టారు.

అప్పుడొచ్చారు మేజర్ గారు. గుమ్మంలో బూట్ల గుట్టనీ, నా సాక్సులోంచి బయటికి చూస్తున్న బొటనవేలినీ చూశారు. "కేడెట్, ఏమిటిది?"

"సంజాయిషీ ఏమీ లేదు సర్!"

అమ్మమ్మకి ఆ గొంతులు వింటేనే విషయం అర్థమైంది. "బాబూ, నేనే విప్పమన్నానయ్యా. పిల్లాణ్ణేమీ అనకండి" అని తెలుగులో చేతులు జోడించింది. "ఆవిడ ఏమంటున్నారు?" అన్నారాయన. చెబితే అది సంజాయిషీ అవుతుంది. "గది శుభ్రంగా ఉందంటున్నారు సర్" అన్నాను (ఇది ఆ మూడు జవాబుల్లో లేదు). ఆయన ఆవిడకి టోపీ తీసి తలవంచి, నా పదో గీత గీశారు.

మర్నాటినుంచి నారింజ రంగు జాకెట్ వేసుకుని కార్లకి దారి చూపించాను. కోపంతో వారంపాటు అమ్మమ్మతో సరిగా మాట్లాడలేదు. ఆవిడ మాత్రం గుంటూరుకి ఫోన్ చేసి, "మావాడికి ప్రమోషనొచ్చిందే! బయట కార్లన్నీ వాడి చేతికే ఇచ్చారు. చెయ్యెత్తితే ఎవరైనా ఆగాల్సిందే" అని చెప్పుకుంది. ఎంత అమాయకురాలో అని లోపల నవ్వుకున్నాను కూడా.

అసలు సంగతి ఈమధ్యే అమ్మ చెప్పింది. తనవల్లే మనవడి కోటు పోయిందని అమ్మమ్మ ఆ రోజు ఇల్లు చేరేదాకా కార్లో ఏడుస్తూనే ఉందట. ప్రమోషన్ కబురు అంత గట్టిగా చెప్పింది, పక్క గదిలో ఉన్న నాకు వినపడాలనేనట. ఆ వారమంతా నేనెంత బిగుసుకుని అన్నం తిన్నానో తలుచుకుంటే సిగ్గూ వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఒక్కసారి ఆవిడ పక్కన కూర్చుని, "ప్రమోషన్ బాగానే ఉంది అమ్మమ్మా" అని ఉంటే ఎంత బాగుండేది.