పాలేరులో బండచేప

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నందిగామలో మత్స్య అభివృద్ధి అధికారిగా చేరాను. వారం తిరక్కుండానే జాతుల సర్వే పని వచ్చింది. పాలేరు, మునేరు, కృష్ణల్లో ఎక్కడ ఏ చేప ఉందో పట్టి, కొలిచి, పేరు రాసి పంపాలి. అంతకుముందు ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఆ సర్వే చేసిందీ నేనే. జగ్గయ్యపేటకు ఎగువన పాలేరు రాళ్ల మీదుగా వడిగా దిగే చోట, బండచేప గడిలో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. అది వేలెడంత చేప. తల కిందనున్న గుండ్రటి బిళ్లతో రాతిని కరుచుకుని వడికి ఎదురు నిలుస్తుంది.

ఈసారి రెండు రోజులు విసురు వల వేయించాను. పరిగెలు పడ్డాయి, జెల్లలు పడ్డాయి. బండచేప జాడ లేదు. మూడోరోజు తనిఖీకి వచ్చిన మా అసిస్టెంట్ డైరెక్టరు, ఇప్పుడూ దొరక్కపోతే పాలేరు జాబితాలోంచి దాని పేరు తీసేద్దామన్నారు. తీసేస్తే ఇక ఎవరూ వెతకరు. అయినా నేను సరేనన్నాను.

మిరప చేలో కలుపు తీసి, కాళ్లు కడుక్కోవడానికి ఏటికి దిగిన మరియమ్మ అనే కూలీ మా బకెట్‌లోకి చూసి, దేనికోసం వెతుకుతున్నారని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వింది.

“అది వలకెందుకు పడిద్దండీ? వల దాని మీద నుంచే పోద్ది. రాయి తిప్పి చూడాల.”

నా తుండుగుడ్డను దిగువన తెరలా పట్టుకోమని, తాను చీర దోపుకుని ఎగువన ఒక రాయి దొర్లించింది. గుడ్డలో మూడు చేపలు! ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంటే చర్మాన్ని గట్టిగా పట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. అసిస్టెంట్ డైరెక్టరు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలోకి వచ్చేశారు. “తిప్పిన రాయి మళ్లీ అట్టాగే పెట్టండి సారూ, దాని ఇల్లది,” అని మరియమ్మ ఆయన్ను కూడా దారిలో పెట్టింది. మధ్యాహ్నం భోజనాల సంగతి ముగ్గురం మరిచిపోయాం.

ఒడ్డుకొచ్చాక, పాత రిపోర్టులో ‘లేదు’ అన్నది నేనేనని ఆయనకు చెప్పాను. అదీ రాసేయమన్నారు. నా పాత నమోదు తప్పని, అప్పుడు కూడా వాడిన విసురు వల ఆ చేపకు తగినది కాదని రాసి సంతకం చేశాను. చూపించినవారి గడిలో మరియమ్మ పేరు రాస్తుంటే ఆమె ఆపింది.

“ఇంటిపేరు కూడా రాయండి. మా ఊళ్లో నలుగురు మరియమ్మలం ఉన్నామండి.”

రాసి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుని వెళ్లింది.

ఆ వారంలోనే మునేరులో, కీసరకు ఎగువన రాళ్లు తిప్పితే అక్కడా బండచేప కనిపించింది. ముక్త్యాల దగ్గర కృష్ణ లోతులో మాత్రం రాళ్లు తిప్పే వీల్లేదు. అక్కడ ‘లేదు’ అని రాయలేదు. ‘విసురు వలతో ఒక పూట వెతికాం, దొరకలేదు’ అని రాశాను. ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్లు ఏ చేపనైనా లేదని రాసుకొస్తే, దేంతో వెతికారో, ఎంతసేపు వెతికారో పక్కనే రాసేదాకా సంతకం పెట్టలేదు.