చుట్టేసిన చాప

ఫెలిస్మినా తగవుల చాప మీదికి ఎక్కేదాకా మనులేతే ఊళ్లో ఆడవాళ్లకు ఆ చాపను అల్లే హక్కు మాత్రమే ఉండేది. మొగలాకు కోసి, ముళ్లు తీసి, ఎండబెట్టి, నడుములు పట్టేసేలా అల్లేది ఆడవాళ్లు. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆకూ వక్కా నములుతూ ఊరి తగవులు తీర్చేది మగవాళ్లు. ఇందులో వింత ఏమీ లేదన్నట్టే ఊరంతా ఉండేది. ఫెలిస్మినా ఒక్కతే అలా ఉండేది కాదు. చిన్నప్పుడే కాఫీ తోటలో ఇద్దరు కొట్లాడుకుంటుంటే మధ్యలో దూరి, ఇద్దరినీ తిట్టి, ఇద్దరినీ నవ్వించి, చివరికి ఒకే గంపను ఇద్దరి చేతా మోయించిన మనిషి ఆమె.

ఆమెకు యాభై రెండేళ్లప్పుడు రాజధాని దీలీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తగవులు తీర్చడం నేర్పుతానంటూ బడిలో ఐదు రోజులు పాఠం పెట్టింది. ఊరికి ఒక ఆడమనిషి తప్పకుండా రావాలంది. ఇంకెవరు వెళతారు, ఫెలిస్మినాయే వెళ్లింది. ఊరి పెద్ద మౌ కోలి కూడా వెళ్లాడు, నేర్చుకోవడానికి కాదు, ఎగతాళి చేయడానికి.

"మా తాత నాకు నోటితో చెప్పిందాన్ని నువ్వు కాగితం మీద బొమ్మలేసి చెబుతావా అమ్మాయ్?" అన్నాడు మొదటి రోజే.

"మీ తాతగారు చెప్పింది మీకు గుర్తుంటే నేను రేపే వెళ్లిపోతాను బాబాయ్" అంది ఆ అమ్మాయి. ముసలాయన వక్క ఉమ్మేసి వెనక్కి వాలాడు. ఆ ఐదు రోజులూ మళ్లీ ఎగతాళి చేయలేదు. అన్నంలోకి కోడికూర పెట్టారు కాబట్టి ఒక్క పూటా మానలేదు కూడా.

పాఠాల్లో మూడు ముక్కలు ఫెలిస్మినా మనసుకు పట్టాయి. పక్షం వహించకూడదు. తప్పెవరిదని అడగకూడదు, ఎవరికి ఏం కావాలో అడగాలి. ఇద్దరూ తలా ఒకటి వదులుకోవాలి. ఆమెకు చదువు అంతంత మాత్రం. ఇచ్చిన కాగితాలను సాయంత్రం పొయ్యి దగ్గర ఇల్దా చదివి పెట్టేది. ఇల్దా ఆమెకు చచ్చిపోయిన అన్న కూతురు, ఏడేళ్ల వయసు నుంచీ ఫెలిస్మినా వంటింట్లోనే పెరిగిన పిల్ల. ఐదో రోజున ఫోటోల హడావుడిలో దీలీ అమ్మాయి ఒక పేజీని గబగబా దాటించేసింది. ఇల్దా దాన్ని కూడా వదలకుండా చదివింది. పెళ్లాం మీద చెయ్యి చేసుకున్న వాడి తగవును చాప మీదికి తేకూడదని, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లాలని ఆ పేజీలో ఉంది.

"ఎందుకత్తా? చాప మీద తీరనిది ఉంటుందా?" అని అడిగింది ఇల్దా.

"దీలీలో పోలీసులు పక్క వీధిలోనే ఉంటారు. అందుకని రాసుంటారు" అంది ఫెలిస్మినా. ఇద్దరూ నవ్వుకుని కాగితాలను సంచీలో పెట్టేశారు. ఆ మాట తనకు తెలియదని ఫెలిస్మినా తరవాత ఎన్నడూ అనలేదు. అలా అనగలిగితే ఆమె బతుకు కాస్త తేలికయ్యేది.

ఆమె తీర్చిన మొదటి తగవు ఒక గేదెది. బావ గేదె బావమరిది కర్రపెండలం తినేసిందని బావా బావమరుదులు నాలుగేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. మగపెద్దలు మూడుసార్లు చాప పరిచారు, మూడుసార్లూ పెండలం ఎన్ని దుంపలో తేలక లేచిపోయారు. ఫెలిస్మినా దుంపల ఊసే ఎత్తలేదు. "అసలు నీకేం కావాలయ్యా?" అని అడిగింది. ఆ బావమరిది, తన బిడ్డ బాప్తిస్మానికి బావ రాలేదని, ఆ బాధ ఇప్పటికీ పోలేదని ఏడ్చేశాడు. మధ్యాహ్నానికి చాప చుట్టేశారు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే వెదురు గొట్టంలో కల్లు తాగారు.

చాప చుట్టడమంటే మనులేతేలో మాటలు కాదు. చుట్టిన చాపలో తగవు కూడా ఉండిపోతుంది. ఆ తరవాత దాని గురించి ఎవరు నోరెత్తినా పంది ఇచ్చుకోవాలి. పంది ఇచ్చినా తీరని దోషం ఇంకొకటి ఉంది, అది చచ్చిన పెద్దలకు ఆగ్రహం రావడం. అందుకే ఆ ఊళ్లో పాత గొడవలు తవ్వేవాళ్లు ఉండరు. ఫెలిస్మినాకు అందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మూడేళ్లలో ఆమె ఊరికి తలలో నాలుక అయింది. పక్క ఊళ్ల నుంచి కూడా కబురు పెట్టేవారు. ఆ గర్వం ఆమె నడకలో కనబడేది. కనబడితే ఏం, కష్టపడి తెచ్చుకుందే కదా.

ఇల్దాను కొండ దిగువనున్న జసింతోకి ఇచ్చి చేశారు. మెత్తగా మాట్లాడేవాడు. ఫెలిస్మినాను అత్తమ్మా అని పిలిచేవాడు, వచ్చినప్పుడల్లా ఆకూ వక్కా తెచ్చేవాడు. కన్యాశుల్కంగా జసింతో వాళ్లు ఇచ్చిన ఐదు గేదెలనూ ఫెలిస్మినా వాళ్లు వంశపు ఇంటికి కొత్త కప్పు వేసిన పండగలో కోసేశారు. పిల్ల తిరిగి వచ్చేస్తే గేదెలు కూడా తిరిగి వెళ్లాలి. లేని గేదెలను ఎక్కడి నుంచి తెస్తారు?

పెళ్లయిన రెండో ఏడు వానలప్పుడు ఇల్దా మోచేయి వాచిపోయి, ఒక కన్ను మూసుకుపోయి, కొండెక్కి వచ్చింది. ఫెలిస్మినా పసుపు కట్టింది, జావ తాగించింది, పక్కన కూర్చుని ఏడ్చింది. మర్నాడు పొద్దున లేచి చాప పరిపిస్తానంది.

మౌ కోలి ముసలాయన ఒప్పుకోలేదు. "నీ పిల్ల తగవు. నువ్వు పక్కన కూర్చో అమ్మాయ్. మేం చూసుకుంటాం."

"నా పిల్ల కాబట్టే నేను కూర్చోవాలి బాబాయ్. ఫెలిస్మినా తన వాళ్లనీ పరాయి వాళ్లనీ ఒకేలా చూస్తుందని ఊరు చూడాలి."

ఆమె చేసిన తప్పు ఇదే. తగవు ఇల్దాది. ఫెలిస్మినా మాత్రం తన పేరు నిలబెట్టుకోవడానికి కూర్చుంది. పక్షం వహించకూడదన్న పట్టుదలలో రెండో పక్షానికి ఒరిగిపోయింది, ఒరిగానని ఆమెకు తెలియలేదు.

చాప మీద జసింతో భోరున ఏడ్చాడు. పండగలకు తప్ప సారా ముట్టనన్నాడు. పెద్దలంతా తలలూపారు. ఫెలిస్మినా ఇల్దా వైపు తిరిగింది.

"అతను ఒకటి వదులుకున్నాడు. నువ్వేం వదులుకుంటావు?"

ఇల్దా ఒక కన్నుతోనే ఆమెను చూసింది. "అత్తా, ఆ కాగితంలో..." అంది, పక్కవాళ్లకు వినబడనంత చిన్నగా.

"ఇక్కడ నేను అత్తని కాను" అంది ఫెలిస్మినా, అందరికీ వినబడేలా.

ఇల్దా తల వంచుకుంది. అడగకుండా పెళ్లాం ఇల్లు దాటి పోతోందని, అందుకే తనకు తిక్క రేగుతోందని జసింతో అన్నాడు. ఇకమీదట మొగుడికి చెప్పకుండా గడప దాటనని ఇల్దా చేత చెప్పించాలని పెద్దలు అన్నారు. ఇల్దా ఏమీ అనలేదు. ఆ ఊళ్లో ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. మాట కాగితం మీద పెట్టారు. ఫెలిస్మినా కింద సంతకం చేసింది. ఇల్దాయే నేర్పిన సంతకం అది. చాప చుట్టారు, పందిని కోశారు. "తన పిల్లని కూడా వదల్లేదు, న్యాయమంటే అది" అని ఊరు ఊరంతా మెచ్చుకుంది. ఆ రాత్రి ఫెలిస్మినాకు హాయిగా నిద్ర పట్టింది.

ఐదు నెలలు గడిచాయి. కాఫీ ఎండబెట్టే రోజుల్లో ఒక పొద్దున ఫెలిస్మినా వాకిట్లో గింజలు తిరగేస్తుంటే వెదురు కంచె అవతల ఇల్దా నిలబడి ఉంది. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ముంజేతి దాకా లాక్కుని ఉంది.

"ఏవే, అక్కడే నిలబడ్డావు? లోపలికి రా."

ఇల్దా రాలేదు. కంచె మీద ఒక చెయ్యి వేసి, "గింజలు బాగా ఎండాయత్తా" అంది.

ఫెలిస్మినా చేతిలో చేట అలాగే ఉంది. ఆ చొక్కా చేతులు ఎందుకంత పొడుగో ఆమెకు తెలుసు. తెలిసీ, నోటికి వచ్చిన మాట ఇది. "అతనికి చెప్పే వచ్చావా?"

"లేదు."

"చెప్పి రా తల్లీ. ఆ మాట రాయించింది నేను. నేనే దాన్ని తప్పిస్తే రేపు ఊళ్లో నా మాట ఎవరు వింటారు?"

"సరే అత్తా." ఇల్దా కంచె సందులోంచి చెయ్యి పెట్టి, ఒక కాఫీ గింజ తీసుకుని, పంటి కింద పెట్టి చూసింది. "ఇంకొక్క రోజు ఎండనియ్యి" అని చెప్పి దిగువకు వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా ఫెలిస్మినా చూస్తూనే నిలబడింది. పిలవలేదు. పిలిస్తే వచ్చేది.

పదకొండో రోజున కబురు వచ్చింది. కట్టెల మోపుతో వాగులోకి జారి పడి ఇల్దా చచ్చిపోయిందట. ఒంటికి నీళ్లు పోసిన ఆడవాళ్లలో ఫెలిస్మినా ఉంది. కట్టెలు మీద పడితే అలాంటి గుర్తులు పడవు. మెడ చుట్టూ అసలే పడవు. నీళ్లు పోసిన నలుగురూ అది చూశారు. ఎవరూ నోరెత్తలేదు. జసింతో పక్కింటి ఆవిడను ఫెలిస్మినా మూలకు లాక్కెళ్లి అడిగింది.

"నీకేం వినబడలేదా?"

"ఎన్నోసార్లు వినబడింది."

"మరి ఒక్కసారైనా వచ్చి నాతో చెప్పలేదేం?"

"చుట్టేసిన చాప కదక్కా" అంది ఆవిడ, ఆశ్చర్యపోతూ. "చుట్టింది నువ్వే."

ఫెలిస్మినా నల్లబట్టలు కట్టుకుని లారీ ఎక్కి పోలీసుల దగ్గరికి వెళ్లింది. ఐదు నెలల కిందట వెళ్లాల్సిన దారి అది. అక్కడి పోలీసు మంచివాడే, కూర్చోబెట్టి అంతా విన్నాడు. తరవాత బీరువా అరలోంచి ఒక కాగితం తెచ్చాడు. ఊరి ఒప్పందాల నకలు ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది.

"తగవు తీరిపోయిందనీ రెండు వైపులా ఒప్పుకున్నారనీ ఇందులో ఉందమ్మా. ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి ఇప్పుడు కాదంటున్నారు."

"అబద్ధం రాశాను."

"అలా రాసుకోలేను నేను" అన్నాడు అతను, నెమ్మదిగా. "చూసినవాళ్లు ఎవరైనా చెప్పాలి." మూడు వారాలకు ఊరికి వచ్చాడు కూడా. ఇంటింటా కాఫీ పోశారు. ఇంటింటా వాగు దగ్గర జారుడు ఎక్కువని చెప్పారు. ఎవరి మీదా ఆయనకు కోపం రాలేదు. రాసుకోవాల్సింది రాసుకుని వెళ్లిపోయాడు.

నెల తిరగకుండా జసింతో వాళ్లు చావుకు చాప పరిపించమని అడిగారు. పరిహారంగా ఒక గేదె, రెండు నేత బట్టలు పెడతామన్నారు. తీర్చడానికి ఫెలిస్మినాయే కూర్చోవాలని వాళ్లే కోరారు. ఆమె న్యాయం తెలిసిన మనిషట.

ఆమె వచ్చింది. మధ్యలో ఆమెకని వదిలిన చోటు దాటి వెళ్లి, తప్పు చేసిన వాళ్లు కూర్చునే అంచున, జసింతో పక్కన కూర్చుంది. చాప చుట్టూ నిలబడ్డవాళ్లలో గుసగుసలు బయలుదేరాయి.

"అది నీ చోటు కాదు అమ్మాయ్" అన్నాడు మౌ కోలి.

"ఇదే నా చోటు బాబాయ్. ఆ పిల్లని ఆ ఇంట్లో కట్టేసింది నేను. కంచె దగ్గరికి వస్తే వెనక్కి పంపింది నేను. ఈయన చంపాడు, నేను పంపాను. తప్పెవరిదో ఇవాళ ఇక్కడ అడగండి. నన్ను అడగండి, ఈయన్నీ అడగండి."

మౌ కోలి వక్క ఉమ్మేశాడు. ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. ఎగతాళి మచ్చుకైనా లేదు.

"చాప మీద తప్పెవరిదని అడగకూడదు ఫెలిస్మినా" అన్నాడు. "నువ్వే కదా మాకు నేర్పావు. ఆ రోజు బడిలో నేను కూడా ఉన్నాను."

రెండు వైపులా ఏం కావాలో అడిగారు. ఇల్దా వైపు నుంచి ఎవరూ ఏమీ అనలేదు. గేదెను తోలుకొచ్చారు, బట్టలు పెట్టారు. చాప చుట్టడానికి మనుషులు నాలుగు మూలలా లేచారు. ఫెలిస్మినా లేవలేదు. చాప మీద మనిషి ఉంటే చాప చుట్టకూడదు. ఆ ఒక్క నియమమే ఆమెకు మిగిలింది. ఎండ నడినెత్తికి వచ్చింది, కొండవాలుకు దిగింది. ఆకలికి పిల్లలు ఏడ్చారు. ఎవరూ ఆమెను తిట్టలేదు.

చివరికి ఆ చాప అల్లిన ఆడవాళ్లు ఇద్దరు దగ్గరికి వచ్చారు. ఒంటికి నీళ్లు పోసిన నలుగురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. చెరో చంక కిందా చెయ్యి వేసి, పసిపిల్లను ఎత్తినంత జాగ్రత్తగా ఫెలిస్మినాను లేపి, పక్కన మట్టి మీద కూర్చోబెట్టారు. "లే అక్కా, అన్నాలు చల్లారిపోతున్నాయి" అంది ఒకావిడ.

మగవాళ్లు వంగి చాప చుట్టేశారు.