ముందు పొమ్మన్నది నేనే

మొన్న కావలికి పోదామని జాతీయ రహదారి పక్కన బస్సు కోసం నిలబడ్డాను. రెండు ప్రైవేటు బస్సులు ఒకదాని వెనక ఒకటి హారన్లు మోగిస్తూ వచ్చి, నా ముందే బ్రేకులు తొక్కాయి. కాలిన రబ్బరు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, బస్సులు పోయాయి. నేను మాత్రం పక్కనున్న సిమెంటు దిమ్మె మీద కూర్చుండిపోయాను. ఆ వాసన వస్తే నాకు రాజరత్నమ్మ గారు గుర్తుకొస్తారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నెల్లూరులో ఆమె పేరు తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమందీ ఆమెను ఒంగోలు రూటు పోగొట్టిన మనిషిగానే తలుచుకుంటారు. అందుకే ఇది రాయాలనిపించింది.

మా నాన్న బస్సుల సీట్లు కుట్టేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, టైపు నేర్చుకుని, ఏం చేయాలో తెలియక ఇంట్లో ఉన్నాను. ఒకరోజు నాన్నకు అన్నం తీసుకుని బస్సు షెడ్డుకు పోతే యజమానురాలు రాజరత్నమ్మ గారు పలకరించారు. భర్త చనిపోయాక ఆయన పెట్టిన సర్వీసును ఆమే నడుపుతున్నారు. ఆదివారం చర్చికి పోయే రెండు గంటలు తప్ప ఎప్పుడూ షెడ్డులోనే ఉండేవారు. ఒక ఆడమనిషి డ్రైవర్లకూ క్లీనర్లకూ యజమాని కావడం అప్పట్లో ఊరందరికీ వింత. నా చదువు సంగతి కనుక్కుని, ఆఫీసులో కూర్చుని టిక్కెట్లు ఇస్తావా అని అడిగారు. ఆడపిల్లకు బస్సు ఆఫీసులో పనేమిటని నాన్న నసిగాడు. "నేను కూర్చోలేదా సాయిబూ?" అని ఆమె అనేసరికి సరేనన్నాడు.

పనిలో చేరిన కొత్తలో ఒక ముసలాయన వచ్చి కావలి బస్సు ఎప్పుడొస్తుందని అడిగాడు. ఇదిగో, వచ్చేస్తుంది అన్నాను. ఆయన మూట నెత్తిన పెట్టుకుని పోయి ఎండలో నిలబడ్డాడు. బస్సు ఎంతకీ రాలేదు. రాజరత్నమ్మ గారు ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నా వైపు తిరిగారు. బస్సు ఎక్కడుందో నీకు తెలుసా అని అడిగారు. తెలియదన్నాను.

"అయితే తెలియదనే చెప్పు. తెలియదంటే నీడలో కూర్చుంటారు. వచ్చేస్తుందంటే ఎండలో నిలబడతారు" అన్నారు. గొంతు పెంచలేదు. అందుకేనేమో ఆ మాట నాలో నాటుకుపోయింది.

ఆ ఏళ్ళలో నెల్లూరు మా కళ్ళ ముందే పెరిగింది. కాలేజీకని, ఆసుపత్రికని, రైసుమిల్లుల్లో పనికని పల్లెల జనం వచ్చి పడేవారు. మూలాపేట అవతల నిన్నటిదాకా వరి పండిన చేలలో ఇళ్ళు లేచాయి. అటు ఒంగోలూ అలాగే పెరుగుతోందని వచ్చేపోయేవాళ్ళు చెప్పేవారు. జనాభా లెక్కలు తీసిన ఏడు టీ అంగళ్ళలో ఇదే మాట. ఒంగోలు మనల్ని మించిపోతుందా? రేపు వాళ్ళకొక జిల్లా వస్తే మన జిల్లాలో ఏ ముక్క కోసుకుపోతారు? ఈ పోటీ కంటికి కనిపించేది మాత్రం రోడ్డు మీదే. మా బస్సులు నెల్లూరువి, ఎదుటి సర్వీసు ఒంగోలు వాళ్ళది. రెండూ ఇంచుమించు ఒకే వేళకు బయలుదేరేవి. దారిలో ప్రతి ఊరి దగ్గరా ఎవరు ముందు చేరితే జనం వాళ్ళ బస్సే ఎక్కేవారు. నెల్లూరు కుర్రాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఒంగోలు బస్సును ఎగతాళి చేసేవారు. వాళ్ళు ముందుకు పోతే ఊరుకు ఊరే ఓడిపోయినట్టు ముఖాలు వేలాడేసేవారు.

మా బస్సు ఓడిపోవడమే ఎక్కువ. పందెం వద్దన్నది రాజరత్నమ్మ గారి కట్టడి. బస్సు షెడ్డులోకి రాగానే పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. వేడికి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారంటే ఆ డ్రైవరుకు చీవాట్లు తప్పవు. మా వెంకయ్యకు మాత్రం ఎప్పుడూ చీవాట్లు పడలేదు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. పెన్న వంతెన మీద మేకలు అడ్డొస్తే హారన్ కొట్టకుండా అవి దాటేదాకా ఆగేవాడు. జనం ఆ బస్సును ఎద్దులబండి అనేవారు. నిదానంగా సీట్లు ఖాళీ అయ్యాయి. బాగా తోలే డ్రైవర్లు ఇద్దరు ఒంగోలు సర్వీసుకు పోయారు.

ఒకరోజు ఊళ్ళోని బియ్యం వ్యాపారులు నలుగురు ఆఫీసుకు వచ్చారు. వాళ్ళది బెదిరింపు కాదు, బతిమాలడమే. ఈ రూటు కూడా వాళ్ళ చేతికి పోతే నెల్లూరు పరువేం గానూ అన్నారు. మీ ఆయన ఉంటే ఇట్టా చూస్తా ఉండేవాడా అని ఒక పెద్దాయన అన్నాడు. ఆ మాటకు ఆమె ముఖం ఎర్రబడింది.

మర్నాడు పొద్దున వెంకయ్య బస్సు తీస్తుంటే ఆమె డ్రైవరు తలుపు దగ్గరికి పోయారు. టిక్కెట్లు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

"వెంకయ్యా, ఈరోజు వాళ్ళకంటే ముందు పో."

అతను స్టీరింగు మీద చేతులు పెట్టి ఆమె వైపు చూశాడు. "ముందు పోవాలంటే తొక్కాల గదమ్మా."

"తొక్కు" అన్నారామె.

మా ఇద్దరికీ తప్ప ఆ మాట ఎవరికీ వినపడలేదు.

కొడవలూరు దగ్గర రోడ్డు పక్కన పెంచలమ్మ అనే ఆమె వంకాయల గంపతో నిలబడి ఉంది. కావలి సంతకు పోవాలి. రెండు బస్సులు పక్కపక్కనే వస్తుంటే ఏది ఆగుతుందో తెలియక ఒక అడుగు ముందుకు వేసిందట. ఒంగోలు బస్సును దాటబోయి మా బస్సు తారురోడ్డు దిగింది. వెంకయ్య బ్రేకు తొక్కాడు గానీ బండి ఆగలేదు. పెంచలమ్మ అక్కడికక్కడే పోయింది. అటునుంచి వచ్చిన లారీ అతను కబురు చెబితే రాజరత్నమ్మ గారు కట్టుకున్న చీరతోనే అదే లారీ ఎక్కి, దాన్ని వెనక్కి తిప్పించుకుని పోయారు. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఏ బస్సు మీదా చెయ్యి పెట్టగా నేను చూడలేదు.

కేసు వెంకయ్య మీదే పెట్టారు. ఆ పొద్దుటి మాట అతను బయటపెట్టలేదు, తప్పంతా తనదేనన్నాడు. మీకేం భయం లేదని మా సర్వీసు వకీలు రాజరత్నమ్మ గారికి ధైర్యం చెప్పాడు. ఈ సర్వీసులో పందేలు పెట్టరని ఊరందరికీ తెలుసు, ఆ సంగతి సాక్ష్యంలో చెబితే చాలు, డ్రైవరు కుటుంబాన్ని తర్వాత చూసుకోవచ్చు అన్నాడు. ఆయన చెప్పమన్నది చాలావరకు నిజమే. కోర్టులో ఆమె బోనెక్కి నిలబడినప్పుడు వ్యాపారులంతా వెనక బెంచీల మీద ఉన్నారు. నెమ్మదిగా నడపమనే మీరు చెప్పేవారు కదా అని వకీలు అడిగాడు. ఎప్పుడూ అలాగే చెప్పేదాన్ని అన్నారు. వకీలు కూర్చోబోయాడు.

"ఆరోజు మాత్రం అలా చెప్పలేదు. బండి నడిపింది అతను. ముందు పొమ్మన్నది నేనే" అన్నారు.

వెంకయ్య తలపట్టుకుని ఏడ్చాడు. అతనికి శిక్ష తగ్గింది, కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చి లారీ నడుపుకున్నాడు. రవాణా అధికారులు మా పర్మిటు రద్దు చేశారు. రూటు ఒంగోలు సర్వీసుకు పోయింది. వాళ్ళ బస్సు మొదటిరోజు పూలదండలతో నెల్లూరు వచ్చింది. ఊరు కోపమంతా రాజరత్నమ్మ గారి మీద చూపింది. చనిపోయిన మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు, పోయిన రూటు గురించే మాట్లాడారు. చర్చిలో ఆమె పక్కన కూర్చునేవాళ్ళు జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. ఒంగోలు వాళ్ళకు అమ్ముడుపోయిందని కూడా అన్నారు.

షెడ్డు మూసేసే ముందు ఆమె నన్ను వెంటబెట్టుకుని కొడవలూరు పోయారు. పెంచలమ్మ కూతురు అప్పుడు చిన్నపిల్ల. ఆ పిల్లను నెల్లూరు తీసుకుపోయి చదివించుకుంటానని పెంచలమ్మ భర్తను అడగాలని రాజరత్నమ్మ గారి ఆశ. అతను మమ్మల్ని అరుగు మీద కూర్చోమన్నాడు, మజ్జిగ ఇచ్చాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నువ్వు కోర్టులో నిజం చెప్పినావంట. మంచిదే తల్లీ. అయినా ఆమె లేదు గదా. బిడ్డను నేను సాక్కుంటాను. నువ్వింక రాబాకమ్మా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె దారంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

ఆ తర్వాత మైపాడులో చెల్లెలి ఇంటికి పోయి అక్కడే ఉండిపోయారు. నేనొక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనికి కుదిరాను. పెళ్ళయ్యాక కూడా వీలు దొరికినప్పుడల్లా పోయి చూసి వచ్చేదాన్ని. సముద్రం గాలికి ఆరేసిన వలల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒకసారి ధైర్యం చేసి, మీరు నిజం చెప్పి మంచిపని చేశారని ఊరికి ఎప్పటికైనా తెలుస్తుంది అన్నాను. ఆమె తల అడ్డంగా ఆడించారు.

"కోర్టులో చెప్పడం కష్టం కాలేదు ఫాతిమా. ఆ పొద్దున ఆ ఒక్కమాట అనకుండా ఉండడమే చేతకాలేదు. ఈ ఊరి కోసమే అన్నాననుకున్నా. కాదు, నా రోషం కోసం అన్నాను."

నేను ఆమెను చివరిసారి చూసింది అప్పుడే. ఆమె పోయిన కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. చూడ్డానికి నెల్లూరు నుంచి ఎవరూ పోలేదట. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

ఆమె దగ్గర నేర్చుకున్నది గొప్ప విద్యేమీ కాదు. ఇన్నేళ్ళలో ఏ డ్రైవరునూ, రిక్షా అతన్నీ, ఆటో అబ్బాయినీ త్వరగా పొమ్మని అనలేదు. ఒకసారి మా అమ్మాయికి మద్రాసులో ఉద్యోగం ఇంటర్వ్యూ. స్టేషనుకు పోయే దారిలో లారీలు నిలిచిపోయాయి. ఆటో అతను వెనక్కి తిరిగి, సందులోంచి కొట్టేయమంటారా అమ్మా అని అడిగాడు. వద్దు నాయనా, నిదానంగానే పో అన్నాను. మేం చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. మా అమ్మాయికి ఏడుపు ఆగలేదు. నీకు నాకంటే ఆ ఆటోవాడు ఎక్కువా అని అడిగింది. దాని పక్కన బెంచీ మీద కూర్చుని, కొడవలూరులో పెంచలమ్మ అని ఒకామె ఉండేదమ్మా అని మొదలుపెట్టాను.