గడ్డ లేవని ఎద్దు

మా పశువుల డాక్టరమ్మగారు పోయారు. రిటైరయ్యాక గుంటూరులో కూతురి దగ్గర ఉంటున్నారు, నిద్రలోనే ప్రాణం పోయిందట. సత్తెనపల్లిలో పత్తి బోరాలు దించుతుండగా నాకు ఫోన్ వచ్చింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె ఒప్పించాల్సిన వాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలారు!

మా పరిచయమే పోట్లాటతో మొదలైంది. దొరికిన కరపత్రమల్లా చదివి ఊగిపోయే రోజులవి. మా ఊరికి బదిలీ కాకముందు ఆమె పరిశోధన కేంద్రంలో పనిచేశారని, అక్కడ ఆరోగ్యంగా ఉన్న దూడలకు లంపీ చర్మవ్యాధి వైరస్ ఎక్కించి చూసేవారని తెలిసింది. టీకాల రోజున అందరిలో లేచి, నోరులేని జీవాలకు రోగం అంటించడం ఏం శాస్త్రమని అడిగాను. నాన్న చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు.

"అడగాల్సిన మాటేనయ్యా," అన్నారామె. "ఎక్కించిన దూడల్లో కొన్నిటికి ఒళ్ళంతా గడ్డలు లేచాయి. కొన్నిటికి ఒక్కటీ లేవలేదు. మామూలుగా మేస్తున్నాయి, రక్తంలో మాత్రం వైరస్ ఉంది. ఆ దూడలు చెప్పింది మనం వినకపోతే, వాటిని బాధపెట్టింది ఉత్తినే అవుతుంది."

నా ప్రశ్నను నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని ఆమె కూడా ఏనాడూ అనలేదు.

ఎవరింటికి వెళ్ళినా ముందు కొట్టంలోకే వెళ్ళేవారు. బాగున్న పశువును మొదట చూసి, జబ్బుదాన్ని ఆఖరున ముట్టుకునేవారు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే టీ గ్లాసు అందుకునేవారు.

మా దగ్గర ఒంటెద్దు రైతులు ఇద్దరు కలిస్తే ఒక అరక. మా ఎద్దుకు జత పక్కింటి బాబాయ్ ఎద్దు. వాన వెలిసి పదును కుదరగానే మిరపచేలో గుంటక తోలాలి, లేకపోతే కలుపు మింగేస్తుంది. సరిగ్గా అప్పుడే బాబాయ్ ఆవుకు గడ్డలు లేచాయి. ఆవును దూరంగా కట్టేసి, ఒళ్ళు నున్నగా ఉంది కదా అని ఎద్దును మాత్రం కాడికి తెచ్చాడు. ఊరంతా చేసేది అదే. మాకున్నది ఒక్క ఎద్దు. అది పడిపోతే సేద్యమే లేదు. నేను కాడికి అడ్డం నిలబడ్డాను.

"ఒరేయ్, నా ఎద్దు మీద ఒక్క గడ్డ చూపించు, తోలుకుపోతా. చూపించలేవా, ఇక మీకూ మాకూ పొత్తు లేదు," అన్నాడు బాబాయ్.

నాన్న తల వంచుకున్నాడు. జత వద్దంటే మనిషిని వద్దన్నట్టే.

కబురంది డాక్టరమ్మగారు వచ్చారు. బాబాయ్ ఎద్దు మెడ నిమిరి, పరీక్షకు రక్తం తీశారు. జవాబు వచ్చేదాకా రెండిటినీ విడిగా కట్టి, జోరీగలు చేరకుండా వేపాకు పొగ వేయమన్నారు. అప్పటిదాకా పదును ఆగుతుందా అని బాబాయ్ ఎద్దేవా చేశాడు.

"ఆగదు. మనం లేమా?" అన్నారామె.

తర్వాత జవాబు వచ్చింది. బాబాయ్ ఎద్దు రక్తంలో వైరస్ ఉంది. దానికి చివరిదాకా ఒక్క గడ్డా లేవలేదు. మా ఎద్దు దక్కింది, పొత్తూ దక్కింది.

ఇప్పుడు పక్క ఊళ్ళో ఆ జబ్బు మళ్ళీ కనిపించింది. రేపు పొద్దున్నే బాబాయ్, నేనూ అక్కడికి వెళ్తున్నాం. జతలు విడదీయమంటే మమ్మల్ని తిడతారు. తిట్టనివ్వండి, ఇల్లిల్లూ తిరిగి చెబుతాం. ఇది చదివే మీ ఇంట్లో ఆవుకు గడ్డలుంటే, పక్కనున్న నున్నటి ఎద్దునూ విడిగా కట్టండి.

నాకు మాత్రం ఆమె ఇంకా ఆ రోజు మా చేలోనే కనిపిస్తున్నారు. సైకిల్ చక్రం బిగించిన చిన్న గుంటకను వెనక బాబాయ్ పట్టుకున్నాడు, ఇంకా కోపంగానే. ముందు తాడును ఆమె భుజాన వేసుకున్నారు. సగం సాలు దాటకముందే గుంటక వంకరపోయి మిరప మొక్కలు లేచొచ్చాయి.

"డాక్టరమ్మగారూ, మీకంటే ఆ వైరస్సే నయమండి," అన్నాడు బాబాయ్.

ఆమె ఆగి నవ్వారు. తాడు దించలేదు. చెప్పులకు నల్లమట్టి ముద్దలుగా అంటుకుంటే వాటిని గట్టు మీదికి విసిరేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ముందుకు వంగి మళ్ళీ లాగడం మొదలుపెట్టారు.