మా ఆయనకు శని వదిలిన రోజు

ఏడున్నరేళ్ళుగా మా ఆయన నా మీద అరిచినప్పుడల్లా అత్తగారిది ఒకటే మాట: “అరిచేది వాడు కాదే, వాడి ఏలినాటి శని.”

ఈ రోజు పొద్దున్నే శని రాశి మారాడని, మా ఆయనకు పీడ విరగడైందని నరసరావుపేట సిద్ధాంతిగారు వచ్చి చెప్పారు. ఆ సంతోషంలో, కంట్రోలు దుకాణంలో ఇచ్చిన చక్కెరంతా పోసి పాయసం వండాను. వేడిగా ఉందని మా ఆయన గిన్నె గోడకేసి కొట్టారు.

“శని పోయాడు గదా అత్తయ్యా, మరి ఇదేంది?” అన్నాను.

అత్తగారు తడుముకోలేదు. “ఇయ్యాల్టి నుంచి నీకు పట్టాడంటలే. అందుకే పాయసం గోడపాలైంది!”

ఎంత చల్లని మాట! సాయంత్రం స్నానానికి నీళ్ళు ఆలస్యమయ్యాయని ఆయన నోరు తెరవబోతే, ఈసారి ముందు నేనే అరిచాను.

అరిచింది నేను కాదు లెండి, నా శని. ఇంకా ఏడున్నరేళ్ళుంటాడు. మీ ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరి వంతు?