కన్ఫర్మేషన్ లిస్టులో సేనాపతులు

చరిత్రలో ఎమ్మే చదివి, బాచుపల్లి దారిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మూడేళ్లు పాఠాలు చెప్పి, చివరికి స్టాఫ్ రూములో బల్ల గుద్ది మరీ రాజీనామా చేసినవాణ్ణి నేను. "చరిత్ర చెప్పుకుని బతికే రోజులు పోయాయి" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అంత గొప్పగా బయటికొచ్చాక మళ్లీ ఏ మొహం పెట్టుకుని వెళ్తాను? అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములన్నీ తేదీ తెలియక తికమకపడతాయని అప్పట్లో లోకమంతా భయం. ఆ భయం పుణ్యమా అని హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీ నన్ను ఆరు నెలల ప్రొబేషన్ మీద తీసుకుంది.

మా బాసు కోస్తా నుంచి అమెరికా వెళ్లి తిరిగొచ్చిన మనిషి. ఆయనకు యుద్ధాల పిచ్చి. ప్రతి శనివారం భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టి, చరిత్రలో అందరికన్నా గొప్ప సేనాపతి ఎవరో తేల్చమనేవాడు. కిటికీ అవతల కొత్త బిల్డింగుల కోసం బండలు పేలుస్తుంటే ఆయనకు మరింత ఊపొచ్చేది. ఆ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. అందుకని ఏనుగులతో మంచుకొండలు దాటినవాడు ఏనుగులాయన అయ్యాడు. గుర్రాల మీద వచ్చి సగం లోకాన్ని దున్నేసినవాడు గుర్రాలాయన. రష్యా చలిలో సైన్యాన్ని పోగొట్టుకున్న చక్రవర్తి చలాయన.

వాళ్లందరికీ బాసు ఎక్సెల్ షీటులో మార్కులు వేసేవాడు. గెలుపు, వేగం, తక్కువమందితో పని లాగడం, మనుషులు చేజారకుండా చూసుకోవడం. ఒక్కోదానికి పది. చివరిది మా కంపెనీ రోగం. పక్క బిల్డింగువాడు నాలుగు రాళ్లు ఎక్కువిస్తానంటే చాలు, మావాళ్లు ఛాయ్ తాగడానికి వెళ్లినట్టు వెళ్లిపోయేవారు.

"మీరు చరిత్ర మాస్టారు కదండీ, ఎవరికీ తెలియని సేనాపతిని ఒకణ్ణి చెప్పండి, మార్కులూ మీరే వేయండి" అన్నాడు ఒక శనివారం.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా జిల్లాలో ఒక గుట్ట మీద చిన్న కోట ఉంది. కింద పొలంలో ఒక రాయి, దాని మీద నాలుగు వరుసల శాసనం. రైతు దానికి గేదెను కట్టేస్తాడు. శత్రువులు కోటను చుట్టుముట్టడంతో లోపల తిండి గింజలు అయిపోయినప్పుడు, కోటను కాచే నాయకుడు గుట్ట వెనక దారిన జనాన్నంతా దించేసి, అందరి తర్వాత తాను దిగాడని ఆ నాలుగు వరుసల్లో ఉంది. ఒక్క ప్రాణం పోలేదు. కోట మాత్రం పోయింది. ఓడినవాడి గురించి పుస్తకాలు ఎందుకు రాస్తారు? ఎమ్మేలో ఉండగా నేను ఆ రాయి చుట్టూ రెండు వేసవులు తిరిగాను. గెలుపుకి సున్నా వేసి, మనుషుల్ని కాపాడినందుకు పదికి పది వేశాను. ఆఫీసులో ఆయన పేరు కోటాయన.

ఆ కథకు పడిపోయింది నా పక్క సీటు అనంతపురం మిత్రుడు. అప్పటిదాకా గుర్రాలాయన పక్షం. లింగంపల్లిలో మావి పక్కపక్క గదులు, రోజూ ఒకే బస్సు. "నడవలేని ముసలోళ్లను ఎట్ల దించినాడన్నా?" అని అడిగేవాడు. రాయి మీద లేదంటే ఊరుకోడు. "జోలెల్లో కట్టుకోని దించింటాడు లే" అని తానే తేల్చేవాడు. ఒక ఆదివారం నాతో బస్సెక్కి ఆ రాయిని చూడటానికి వచ్చాడు. బావి నుంచి బిందెతో నీళ్లు మోసి, దాని మీది పేడ కడిగాడు. ఆ పాత లిపి అతనికి రాదు. నేను చదువుతుంటే అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ విన్నాడు. అంతకు ముందు ఏ క్లాసులోనూ నా పాఠం ఎవరూ అలా వినలేదు.

ఆరు నెలలూ అయ్యాయి. ప్రొబేషన్‌లో పదిహేనుమందిమి, ఖాయం చేసేది పన్నెండుమందిని. బాసు మాకోసం కొత్త షీటు ఎందుకనుకున్నాడు. సేనాపతుల కిందే మా పేర్లు చేర్చి, అవే మార్కులు వేసి, వరుసలో పెట్టమని బటన్ నొక్కాడు. మేమూ వాళ్లూ కలిసిపోయాం. ఆ కాగితం మీద సంతకం పెట్టి అమెరికా హెడ్డాఫీసుకు ఫ్యాక్స్ చేసేశాడు.

మొదటి పన్నెండులో ఐదుగురు సేనాపతులు. పన్నెండోవాడు కోటాయన. పదమూడు నేను.

మా హెచ్చార్ మేడమ్ ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. సేనాపతులకు కూడా లెటర్లు టైపు చేసి ట్రేలో పెట్టింది. "మేడమ్, వీళ్లు చచ్చిపోయి వందల ఏళ్లయింది" అన్నాను.

"నాకు తెల్వదా సార్? కానీ షీటు గట్లనే ఉంది, ఏంజెయ్యాలె? ఏనుగులాయన అయితే జాయినింగ్ రిపోర్టు గూడ ఇయ్యలే ఇంకా. మీరు పరేషాన్ గాకుండ్రి, జర సార్‌నడుగుండ్రి."

బాసు దగ్గరికి పరుగెత్తాను. "చనిపోయారని తీసేస్తే ఎలాగండీ? స్టాండర్డ్ అనేది ఉండాలిగా" అన్నాడు. పైగా హెడ్డాఫీసు ఒప్పుకున్న లిస్టట. ఏనుగులాయన ఏనుగులు చాలావరకు దారిలోనే చచ్చాయనీ, చివరికి ఆయన ఓడిపోయాడనీ వాదించాను. "ఏనుగుల్ని కొండెక్కించాడండీ ఆయన! మీరు ఒక్క ప్రోగ్రాముని సోమవారానికి ఎక్కించలేకపోయారు" అన్నాడు. మళ్లీ ఆయనే జాలిపడ్డాడు. "నేను వేసిన మార్కులు కదపనండీ. మీరు వేసినవి తప్పయితే శనివారం అందరి ముందూ చెప్పండి, సవరించి ఫ్యాక్స్ చేస్తాను."

నేను మార్కులు వేసింది ఒక్క కోటాయనకే.

శనివారం లేచి నిలబడ్డాను. నా కింద ఇంకా ఏడుగురు ఉన్నారు, వాళ్ల సంగతి ఆలోచించే స్థితిలో లేను. మూడేళ్లు లెక్చరర్‌గా పనిచేసిన గొంతు ఆ రోజు బ్రహ్మాండంగా పలికింది. ఆ శాసనం కోటాయనే చెక్కించుకున్న సొంత డబ్బా అన్నాను. గుట్ట వెనక దారిన అందరికన్నా ముందు దిగి పారిపోయింది ఆయనే అన్నాను. జనం ఆకలితో లోపలే పోయారన్నాను. ఆధారాలు ఏవని బాసు అడిగితే, అక్కడికక్కడే రెండు తాళపత్రాలు పుట్టించాను. బాసు పదికి పదిని కొట్టేసి రెండు వేశాడు. నేను పన్నెండోవాణ్ణయ్యాను. చప్పట్లు కొట్టారు. "ఇదండీ ఫైటింగ్ స్పిరిట్ అంటే!" అని బాసు నా వేగం మార్కు కూడా ఒకటి పెంచాడు.

సాయంత్రం బస్సు కోసం టీబండి దగ్గర నిలబడ్డాం. మిత్రుడిది ఆరో నెంబరు, ఎప్పుడో ఖాయమైపోయాడు. నా కప్పు కూడా తనే తెచ్చిచ్చాడు.

"పోన్లే అన్నా, ఉద్యోగం నిలబడింది" అన్నాడు. ఒక గుక్క తాగాక, మెల్లిగా, "అయితే ఆ రాయి మింద ఉండేదంతా అబద్దమేనా అన్నా?" అన్నాడు.

అక్కడ బాసు లేడు, షీటు లేదు. లెటరు నా జేబులో ఉంది. నిజం చెబితే పోయేదేమీ లేదు. కానీ నిజం చెబితే, మధ్యాహ్నం నేను చేసిన పనేమిటో కూడా అతనికి చెప్పాలి. సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

"అవును, అంతా అబద్ధమే" అన్నాను.

నమ్మాడు. నేను చెప్పిన ప్రతిదీ నమ్మే మనిషి. బస్సొస్తే ఎక్కి, కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. నేను కాక ఆ రాయి దాకా వచ్చి, కోటాయనను మనసారా నమ్మినవాడు ఈ లోకంలో అతనొక్కడే.