ఎదురు హోటలు లైట్లు

మా కొండయ్యకు రేడియోలు బాగుచేయడం ఎంత బాగా తెలుసో, అసూయ దాచుకోవడం అంత తెలియదు. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న ఆ రోజుల్లో ఆయన దుకాణం పక్కనే నా కుట్టుమిషను ఉండేది. నా దగ్గర పండగకు నాలుగు జాకెట్లు ఎక్కువ పడినా ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. ఇక తన పనే చేసేవాడి సంగతి చెప్పాలా?

ఆ చేసేవాడు ఆశీర్వాదం. పెద్దదోర్నాలలో బస్సులు ఆగే చోట రేడియో దుకాణం పెట్టుకున్నాడు. శ్రీరాములు హోటలు బోర్డు చుట్టూ లారీ బ్యాటరీతో వెలుగుతూ ఆరుతూ ఉండే లైట్లు బిగించాడు. శ్రీశైలం పోయే యాత్రికులు వాటిని చూసి అటే దిగేవాళ్లు. ఎదురు హోటలు పుష్పమ్మ ఊరుకుంటుందా? మార్కాపురం వచ్చి, అంతకంటే మంచివి కావాలంది. ఆ మాటకే మావాడు ఉబ్బిపోయాడు.

ఆయన చేసిచ్చిన లైట్ల పెట్టెలో పెద్ద మాయేమీ లేదు. ట్రాన్సిస్టరు అనే వేలెడు లేని ముక్క ఒక తీగచుట్టకు కరెంటు ఇస్తూ, ఆపుతూ ఉంటుంది. ఆ చుట్ట ఇనుపరేకును లాగి వదులుతుంది. రేకు తాకితే బల్బులు వెలుగుతాయి, వదిలితే ఆరిపోతాయి. రిలే అంటే ఇంతే. పుష్పమ్మ హోటల్లో మొదటిరోజు లైట్లు బ్రహ్మాండంగా వెలిగాయి. మర్నాటికి ట్రాన్సిస్టరు చచ్చింది. కొత్తది వేస్తే అదీ చచ్చింది.

"ఎదురోళ్లది చూడు కొండయ్యా, ఎట్ల కన్నుకొడతాందో," అంది పుష్పమ్మ. "నాది చూసి హోటలు మూసేసినారేమో అనుకోని బస్సులు పోతాండాయి. శివరాత్రి లోపల సరిచెయ్యి. లేకుంటే ఆ ఆశీర్వాదాన్నే పిలిపించుకుంటా."

పని పోతే పోయింది, అది ఆశీర్వాదం చేతికి పోతే మాత్రం ఊళ్లో తలెత్తుకోలేనని నాతో అన్నాడు కొండయ్య. శ్రీరాములు హోటల్లో కూర్చుని టీ మీద టీ తాగుతూ అక్కడి లైట్ల పెట్టెనే చూసి వచ్చాడు. దానికి తాళం. "లోపల ఏం పెట్టినాడో దొంగనాయాలు," అని దారంతా పళ్లు నూరుకున్నాడట.

"ఆయన్నే అడగరాదా, ఒక్క మాటతో తేలిపోతాది," అంది భార్య వెంకటసుబ్బులమ్మ. కొండయ్య కంచం ముందునుంచి లేచి దుకాణానికి వచ్చేశాడు.

కోపంలోనూ బుర్ర మాత్రం సక్రమంగానే పనిచేసింది. బల్బులు ఎక్కువయ్యాయేమోనని వాటిని పీకేశాడు. అయినా ట్రాన్సిస్టరు చచ్చింది. రిలే తీసేసి దాని చోట లారీ మీటరు దగ్గరుండే చిన్న బల్బు పెట్టాడు. పొద్దు గూకేదాకా అది ఆరుతూ వెలుగుతూనే ఉంది, ట్రాన్సిస్టరుకు చీమ కుట్టినట్టయినా లేదు. అంటే తప్పంతా రిలేదే. చుట్ట కాలిపోయిందేమోనని దాని తీగకొనలు రెండు చేతులా పట్టుకుని బ్యాటరీకి ఆనించాడు. రేకు టక్కున లాగింది, చుట్ట బాగానే ఉంది. కొనలు ఎత్తేసరికి మోచేతులదాకా జిల్లుమంది.

"లారీ బ్యాటరీ ఎవురికన్నా షాకు కొడతాదా?" అని నన్నడిగాడు. నాకేం తెలుసు? మళ్లీ ఆనించాడు, ఎత్తాడు, మళ్లీ కొట్టింది. ఆనించినప్పుడు కాదు, ఎత్తినప్పుడే. కరెంటు ఆపిన క్షణంలో ఆ చుట్ట ఒక్కసారి ఎదురు తన్నుతోంది. మనిషినే ఉలిక్కిపడేలా చేసే ఆ తాపు రోజంతా ట్రాన్సిస్టరు మీద పడుతోంది. దానికి వేరే దారి చూపాలి. పాత రేడియోలోంచి డయోడు పీకాడు. అది కరెంటును ఒకవైపే పోనిస్తుంది. ఆ తాపు తిరిగి చుట్టలోకే పోయేలా దాన్ని చుట్ట రెండు కొనల మధ్య అతికించాడు. మొదట తిరగేసి పెట్టి ఇంకో ట్రాన్సిస్టరును బలిచ్చాడు. సరిగ్గా పెట్టాక పుష్పమ్మ లైట్లు మళ్లీ ఆగలేదు.

ఆయన సంబరం తీరకముందే ఆశీర్వాదం దుకాణంలోకి వచ్చాడు, చంకలో తువ్వాలు చుట్టిన పెట్టెతో.

"అన్నా, ఒక ట్రాన్సిస్టరు ఉంటే ఇయ్యి. నా దగ్గర అయిపోయినాయి."

"నీది చావదు గదా," అన్నాడు కొండయ్య.

"ఎందుకు చావదు? రోజూ తెల్లారి పోయి మారుస్తాండా. ఎవురన్నా చూస్తారని తాళం ఏసినా. నీకు తెలిస్తే నవ్వుతావని." తల వంచుకున్నాడు. "నీది మారుస్తున్నట్టే లేదు. అదెట్లనో అర్థం కాక నిద్ర పట్టడంల్యా."

కొండయ్య మొహం చూడాలి అప్పుడు. పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ పెట్టెలో డయోడు తన చేత్తోనే అతికించాడు.

"ఎవురికీ చెప్పాకు అన్నా. శ్రీరాములుకు తెలిస్తే నా పని అయిపోతాది."

"ప్రాణం పోయినా చెప్పను తమ్ముడూ."

అంత హాయిగా ఆయన మాటివ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆశీర్వాదం వీధి మలుపు తిరగగానే నాకు చెప్పేశాడనుకోండి, అది వేరే సంగతి.

శివరాత్రికి తన లైట్లు చూసుకోవాలని దోర్నాల పోయాడు. రెండు హోటళ్లూ వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. పుష్పమ్మ టీ ఇస్తూ, "నీది ఇప్పటికి కుదురుకునింది కొండయ్యా," అందట. "అయినా ఆశీర్వాదం పనే పని. మొదటినుంచీ ఒక్కరోజన్నా ఆరిపోయింది లేదు." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారట. ఈయన నోరు తెరిచి, ఇచ్చిన మాట గుర్తొచ్చి, టీ మింగాడు.

మర్నాడు వచ్చి నా మిషను పక్కన కూలబడ్డాడు.

"వానిది నాదానికన్నా బాగా వెలుగుతాంది," అన్నాడు.

"దాంట్లో డయోడు పెట్టింది నువ్వే గదా కొండయ్యా."

"అందుకే గదా మండేది."